ఉపవాసం ఉంటే కణమే కణితిని తినేస్తుందా?

పేరు వెల్లడించవద్దని కోరిన 41 ఏళ్ల పాఠకురాలు ఒక సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. ఆమె అక్క వయసు 47. నాలుగు నెలల క్రితం అక్కకు రొమ్ము క్యాన్సర్ ఉన్నట్టు తేలింది. ముందుగా కీమోథెరపీతో కణితిని కుదించి, ఆ తర్వాత శస్త్రచికిత్స చేయాలని వైద్యులు నిర్ణయించారు. 21 రోజులకు ఒకటి చొప్పున ఇవ్వవలసిన ఆరు విడతల్లో మూడు పూర్తయ్యాయి. వీరి తమ్ముడు కొన్నేళ్లుగా ఉపవాసాలు చేస్తూ బరువు తగ్గినవాడు. "ఆకలి వేసిన కణం ముందుగా తనలోని చెత్తను, క్యాన్సర్‌ను తినేస్తుంది, దీన్ని కనిపెట్టినందుకే నోబెల్ బహుమతి ఇచ్చారు" అని చెప్పి, ప్రతి విడతకు ముందు 72 గంటలు మంచినీళ్లతోనే ఉండమని అక్కను ఒప్పించాడు. రెండో విడతకూ మూడో విడతకూ ఆమె అలాగే చేశారు. 58 కిలోల బరువు 52కు దిగింది. మూడో విడతకు ముందు చేసిన ఉపవాసం చివరి రోజున స్నానాల గది నుంచి బయటికి వస్తూ కళ్లు తిరిగి గోడను పట్టుకుని కూలబడ్డారు. ఆ సంగతి గానీ, అసలు ఉపవాసం చేస్తున్న సంగతి గానీ వైద్యుడికి చెప్పలేదు, చెప్పనని చెల్లెలి చేత మాట కూడా తీసుకున్నారు. మొదట్లో ఒకసారి అడగబోతే "అవన్నీ చదవకండి" అని వైద్యుడు రెండు నిమిషాల్లో తేల్చేయడం అక్క మనసుకు తగిలింది. నాలుగో విడతకు ఇంకా 11 రోజులే ఉంది.

"శాస్త్రం తప్పైతే నోబెల్ ఎందుకు ఇచ్చారు? ఒప్పైతే అక్క ఎందుకు ఇలా చిక్కిపోతోంది? మాట తప్పి వైద్యుడికి చెప్పనా, మాట నిలుపుకుని చూస్తూ కూర్చోనా?" అని ఆమె అడుగుతున్నారు. ఉత్తరం చివర మరో వాక్యం ఉంది: కణాల స్వయంభక్షణ గురించిన ప్రసంగాన్ని మొట్టమొదట ఇంట్లో అందరికీ పంపింది తానేనట.

సమాధానం:

మీ అక్క కూలబడిన సంగతి దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అందుకే సిద్ధాంతం జోలికి వెళ్లకముందే ఒక మాట చెబుతాను. కీమోథెరపీ నడుస్తున్న వ్యక్తికి 38 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు మించిన జ్వరం వచ్చినా, మళ్లీ స్పృహ తప్పేలా ఉన్నా, మూత్రం బాగా తగ్గినా, మాట తడబడినా, 11 రోజులు గడిచేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఆ సమయంలో ఉపవాసం సంగతి దాచకూడదు. మిగిలిన విషయాలలో మీకు ఒకటి కంటే ఎక్కువ దారులే ఉన్నాయి. అయితే వాటిని తూచి చూడాలంటే మీ తమ్ముడి మాటల్లో నిజమెంతో, ఆ నిజం ఎక్కడ దారి తప్పిందో ముందుగా తెలియాలి.

నోబెల్ నిజమే, ఆ శాస్త్రమూ నిజమే. కణం తన భాగాలనే తినే ఈ పనికి ఆటోఫాగీ అనే పేరును 1963లో క్రిస్టియన్ డి డ్యూవ్ అనే శాస్త్రవేత్త పెట్టారు. గ్రీకులో దాని అర్థం తనను తాను తినడం. కణం లోపల ఆమ్లంతో, దాదాపు 60 రకాల జీర్ణరసాలతో నిండి ఉండే లైసోజోమ్ అనే చిన్న తిత్తిని 1955లో వెలుగులోకి తెచ్చింది కూడా ఆయన బృందమే. ఆ తర్వాత పాతికేళ్లకు పైగా ఈ రంగం పెద్దగా కదలలేదు. 1988లో టోక్యో విశ్వవిద్యాలయంలో సొంత ప్రయోగశాల మొదలుపెట్టిన యోషినోరి ఓసుమి, అప్పటికి చాలామంది చెత్తకుండీగా మాత్రమే చూసిన ఈస్ట్ కణపు రిక్తికను, అంటే ఆ కణంలో లైసోజోమ్ పని చేసే పెద్ద తిత్తిని, పరిశోధనకు ఎంచుకున్నారు. ప్రోటీన్లను జీర్ణం చేసే ఎంజైములు లేని ఈస్ట్‌ను తీసుకుని ఆకలికి గురిచేస్తే, కొన్ని గంటల్లోనే ఆ రిక్తిక నిండా గుండ్రని రేణువులు చేరి కదలాడటం మామూలు సూక్ష్మదర్శినిలోనే ఆయనకు కనిపించింది. జీర్ణం ఆగిపోయింది కనుక, కణం మింగినదంతా అక్కడ పోగుపడి కంటికి ఆనింది. ఇంత సాదా ఆలోచనతో ఇంత పెద్ద తలుపు తెరుచుకోవడం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది. 1993 నాటికి ఈ పనికి అవసరమైన 15 జన్యువులను ఆయన బృందం గుర్తించింది. 2016లో వైద్యశాస్త్ర నోబెల్ ఆయన ఒక్కరికే దక్కింది.

ఆ బహుమతి, కణం తన భాగాలను ఎలా పోగుచేసి, ఎలా విడగొట్టి, మళ్లీ ఎలా వాడుకుంటుందో చూపినందుకు ఇచ్చింది. ఉపవాసం క్యాన్సర్‌ను నయం చేస్తుందని చూపినందుకు ఇచ్చింది కాదు. ఈ రెండింటికీ మధ్య ఉన్న దూరం మీ ఇంట్లో ఎక్కడో చెరిగిపోయింది.

జరిగేది ఇది. కణద్రవంలో ఒక పలుచని పొర పుట్టి, గిన్నెలా వంగి, చుట్టూ ఉన్నదానిలో కొంత భాగాన్ని లోపల వేసుకుని, రెండు పొరల సంచిగా మూసుకుపోతుంది. ఆ సంచి లైసోజోమ్‌తో కలిశాక లోపలి సరుకు అమైనో ఆమ్లాలుగా, కొవ్వు ఆమ్లాలుగా, చక్కెరలుగా విడిపోతుంది. వాటితో కణం కొత్త ప్రోటీన్లు కట్టుకుంటుంది, లేదా వాటిని కాల్చి శక్తిగా మార్చుకుంటుంది. ఇది ఆకలి వేస్తేనే మొదలయ్యే పని కాదు. మనిషి శరీరం రోజుకు సుమారు 200 నుంచి 300 గ్రాముల ప్రోటీన్‌ను విడగొట్టి తిరిగి కట్టుకుంటుంది. మనం తినే ప్రోటీన్ 70 గ్రాముల ప్రాంతంలో ఉంటుంది, మిగిలినదంతా పాత సరుకే మళ్లీ చేతికి రావడం. ఇందులో ఆటోఫాగీతో పాటు ప్రోటియజోమ్ అనే మరో యంత్రానికీ పెద్ద వాటా ఉంది. యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్‌ను గుర్తుగా తగిలించిన ప్రోటీన్లను అది ఒక్కొక్కటిగా ముక్కలు చేస్తుంది. ఆ సంగతి కనిపెట్టిన ముగ్గురికి 2004లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. మీ అక్క శరీరంలో ఈ రెండూ ఆమె కడుపు నిండా తిన్న రోజున కూడా నడుస్తూనే ఉంటాయి.

ఆకలి వేసినప్పుడు ఆటోఫాగీ పెరుగుతుందన్నదీ నిజమే. అమైనో ఆమ్లాలు, ఇన్సులిన్ సమృద్ధిగా ఉన్నంతసేపు ఎమ్‌టార్ అనే ప్రోటీన్ దానిపై కళ్లెం వేసి ఉంచుతుంది. అవి తగ్గితే కళ్లెం వదులవుతుంది. ఆ పెరుగుదల దేనికోసమో 2004లో ఎలుకపిల్లల మీద చేసిన ప్రయోగం చక్కగా చూపింది. తల్లి గర్భం నుంచి బయటపడ్డాక బొడ్డు ద్వారా అందే పోషణ ఆగిపోతుంది, పాలు అందేలోగా కొంత వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిని దాటడానికి ఎలుకపిల్ల తన కణాలనే కొద్దికొద్దిగా కరిగించుకుంటుంది. ఆటోఫాగీకి అవసరమైన ఒక జన్యువు లేకుండా పుట్టిన పిల్లలు ఒక రోజు తిరిగేసరికి చనిపోయాయి. అంటే ఇది కరవు దాటడానికి కణం చేసుకున్న ఏర్పాటు. ఇంట్లో సరుకు నిండుకున్నప్పుడు చేతికందిన వస్తువును అమ్ముకుని పూట గడుపుకోవడం లాంటిది. ఏది మంచిదో ఏది చెడ్డదో ఏరి చూసే తీరిక ఆ సమయంలో అంతగా ఉండదు.

మీ తమ్ముడి వాదన మొదటిసారి జారింది ఇక్కడే. పాడైన భాగాలను ఏరి తీసివేసే ఆటోఫాగీ లేకపోలేదు. కణానికి శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా దెబ్బతింటే వాటి మీద పింక్1, పార్కిన్ అనే రెండు ప్రోటీన్లు గుర్తు వేసి వాటిని సంచిలోకి పంపుతాయి. ఆ జన్యువులు చెడితే చిన్న వయసులోనే పార్కిన్సన్స్ వ్యాధి రావచ్చు. కానీ ఆకలి రేపే ఆటోఫాగీలో ఎక్కువ భాగం గంపగుత్తగా మింగేదే. పైగా కణం పోషకాల కొరతలో పడినప్పుడు మైటోకాండ్రియా ఒకదానితో ఒకటి కలిసి పొడుగ్గా మారి, మింగబడకుండా తప్పించుకుంటాయని 2011లో పరిశోధకులు చూపారు. ఆకలి ముందుగా చెత్తనే తింటుందన్న మాటను కణం అంత సులువుగా ఒప్పుకోదు.

రెండోది ఇంకా ముఖ్యం. ఒక కణం తన లోపలి భాగాలను తింటుందే తప్ప పక్కన ఉన్న క్యాన్సర్ కణాన్ని వెళ్లి తినదు. క్యాన్సర్ కణానికి కూడా ఇదే యంత్రం ఉంది. దానికి ఆకలి వేస్తే అదీ తన భాగాలను కరిగించుకుని బతకడానికే ప్రయత్నిస్తుంది. అందుకే ఎన్నో రకాల కణితులు ఆటోఫాగీని ఆసరాగా చేసుకుని నిలదొక్కుకుంటాయి. ఈ కారణంగానే హైడ్రాక్సీక్లోరోక్విన్ వంటి మందులతో లైసోజోమ్ ఆమ్లతను తగ్గించి, క్యాన్సర్ కణాలలో ఆటోఫాగీని ఆపి చూడాలని వైద్య ప్రయోగాలు జరిగాయి. అవి ఇంకా సాధారణ చికిత్సగా మారలేదు. అయినా మీ తమ్ముడు పెంచాలనుకుంటున్న దాన్నే క్యాన్సర్ పరిశోధకులలో ఒక వర్గం ఆపాలని చూస్తోందన్న సంగతి అతనికి తెలియడం అవసరం.

అతని పక్షాన చెప్పవలసిందీ ఉంది. 1999లో బెత్ లెవీన్ బృందం, ఆటోఫాగీకి తోడ్పడే బెక్లిన్ 1 అనే ప్రోటీన్‌ను రొమ్ము క్యాన్సర్ కణాలలో పెంచితే ఎలుకలలో కణితి పెరుగుదల తగ్గిందని చూపింది. ఆ జన్యువు ఒక ప్రతి మాత్రమే ఉన్న ఎలుకలకు కణితులు ఎక్కువగా వచ్చాయని కూడా తర్వాత తేలింది. ఆరోగ్యంగా ఉన్న కణం క్యాన్సర్‌గా మారకుండా ఆటోఫాగీ కాపాడవచ్చన్న ఆలోచనకు పునాది అదే. అయితే మనుషులలో బెక్లిన్ 1 జన్యువు, రొమ్ము క్యాన్సర్‌కు పేరుపడ్డ బీఆర్‌సీఏ1 జన్యువుకు పక్కపక్కనే ఉంటుంది. కణితుల్లో బెక్లిన్ 1 పోయినట్టు కనిపించడం పక్కనున్న జన్యువుతో పాటు కొట్టుకుపోవడం వల్ల కావచ్చని ఆ తర్వాతి పరిశీలనలు సూచించాయి. కణితి పుట్టకముందు కాపలాదారు, పుట్టాక దానికే అన్నదాత: నాకు అర్థమైనంతలో ఈ రంగం నేడు ఉన్న స్థితి ఇది. మీ అక్క ఉన్నది కణితి పుట్టాక వచ్చే ఆ రెండో స్థితిలో.

కీమోథెరపీకి ముందు ఉపవాసం అన్న ఆలోచన ఊరికే పుట్టలేదు. 2008లో వాల్టర్ లాంగో అనే పరిశోధకుడి బృందం, రెండు రోజులకు పైగా ఆహారం మానిన ఎలుకలు పెద్ద మోతాదు కీమో మందును తట్టుకోగలిగాయని చూపింది. ఆకలి సమయంలో మామూలు కణాలు పెరుగుదల ఆపుకుని ఆత్మరక్షణలోకి వెళతాయి, క్యాన్సర్ కణాలు ఆ సంకేతాన్ని పట్టించుకోవు అన్నది అక్కడి వాదన. గమనించండి, అది కణితిని కణం తినేయడం గురించిన వాదన కాదు. పైగా ఎలుక జీవక్రియ వేగం చాలా ఎక్కువ. ఒక్క రోజు పస్తులకే అది తన బరువులో దాదాపు పదోవంతు కోల్పోగలదు. దాని గంటలను మన గంటలుగా తీసుకోలేము. మనుషుల మీద నెదర్లాండ్స్‌లో జరిపిన ప్రయోగం ఫలితాలు 2020లో వచ్చాయి. మీ అక్కలాగే శస్త్రచికిత్సకు ముందు కీమో తీసుకుంటున్న 131 మంది రొమ్ము క్యాన్సర్ రోగులలో కొందరు, మంచినీళ్లతో కాకుండా, కొలిచి ఇచ్చిన తక్కువ క్యాలరీల ఆహారంతో ప్రతి విడత చుట్టూ కొన్ని రోజులు గడిపారు. తీవ్రమైన దుష్ప్రభావాలలో రెండు వర్గాల మధ్య తేడా రాలేదు. శస్త్రచికిత్స నాటికి కణితి పూర్తిగా మాయమైనవారి నిష్పత్తిలోనూ తేడా రాలేదు. స్కానింగ్‌లో కణితి కుదించుకుపోవడం మాత్రం ఆహారం తగ్గించిన వర్గంలో ఎక్కువగా కనిపించింది, కనుక తలుపు పూర్తిగా మూసుకుపోలేదు. అయినా కనీసం సగం విడతలలో ఆ నియమాన్ని పాటించగలిగినవారు మూడింట ఒక వంతే. మధుమేహం ఉన్నవారిని, బరువు మరీ తక్కువగా ఉన్నవారిని అసలు చేర్చుకోలేదు. ఇదంతా వైద్యుల కనుసన్నలలో జరిగింది.

72 గంటలన్న అంకె విషయంలో మీ తమ్ముణ్ని ఒక్క ప్రశ్న అడగండి: అక్క శరీరంలో ఆటోఫాగీ ఎంత పెరిగిందో ఏ పరీక్షతో చూశావు? దాన్ని కొలిచే సాధారణ రక్తపరీక్ష ఏదీ వైద్యుల చేతిలో లేదు. ప్రయోగశాలలో కూడా, సంచులు ఎక్కువగా కనిపిస్తే పని ఎక్కువగా జరుగుతోందో, చివర్లో జీర్ణం ఆగి పోగుపడ్డాయో విడిగా తేల్చుకోవలసి ఉంటుంది. మీ చేతిలో ఉన్న కొలత బరువు ఒక్కటే. 58లో 6 కిలోలంటే 10 శాతానికి పైమాటే. క్యాన్సర్ రోగి ఆరు నెలల్లో 5 శాతానికి మించి బరువు కోల్పోతేనే వైద్యులు దాన్ని తీవ్రంగా తీసుకుంటారు. పోయినది కొవ్వు ఒక్కటే కాదు. పస్తులలో కండరం కూడా ప్రోటియజోమ్‌తోనూ ఆటోఫాగీతోనూ తనను తాను కరిగించుకుని అమైనో ఆమ్లాలను కాలేయానికి పంపుతుంది. తమ్ముడు కోరుకున్న స్వయంభక్షణ జరిగినట్టు నిశ్చయంగా చెప్పగలిగిన చోటు, దురదృష్టవశాత్తూ, మీ అక్క కండరాలే. రేపు శస్త్రచికిత్సను తట్టుకోవలసింది ఆ కండరంతోనే. క్యాన్సర్ రోగుల పోషణపై ఐరోపా వైద్య మార్గదర్శకాలు రోజుకు కిలో బరువుకు ఒక గ్రాముకు తగ్గకుండా, వీలైతే ఒకటిన్నర గ్రాముల దాకా ప్రోటీన్ అందాలంటున్నాయి. 52 కిలోల మనిషికి అది 52 నుంచి 78 గ్రాములు.

ఇక మీ దారులు. ఏమీ మాట్లాడకుండా ఉండటం కూడా ఒక దారేనని మీరు అనుకుంటున్నారు. దాని పర్యవసానం ఇది: కీమో మోతాదును ఎత్తు, బరువుల లెక్కతో నిర్ణయిస్తారు. ఆసుపత్రిలో బరువు తూచినప్పుడు తగ్గుదల కనిపిస్తుంది కానీ, అది మందు వల్లనో, వ్యాధి వల్లనో అని వైద్యుడు అనుకుంటాడు. దాన్నిబట్టి మోతాదు తగ్గించవచ్చు, విడతను వాయిదా వేయవచ్చు, అవసరం లేని పరీక్షలు రాయవచ్చు. చికిత్స బాగా పనిచేయాలని చేసిన ఉపవాసమే చికిత్సను కుంటుపరచవచ్చు. వాదన ఓడినా గెలిచినా మీ అక్కకు నష్టం కలిగించేది ఈ దాపరికమే.

అక్కకు చెప్పకుండా మీరే వైద్యుడికి చెప్పడం మరో దారి. తన రోగి వివరాలు ఆమె అనుమతి లేకుండా ఆయన మీకు చెప్పకపోవచ్చు. మీరు చెప్పేది వినడానికి మాత్రం ఆయనకు అడ్డేమీ ఉండదు. ప్రమాదం తప్పుతుంది, కానీ సంగతి బయటపడిన రోజున అక్కకు ఇంట్లో నమ్మకస్థురాలు లేకుండా పోతుంది. ఇంకా మూడు విడతలు, ఒక ఆపరేషన్ మిగిలి ఉన్న మనిషికి అది చిన్న లోటు కాదు. మళ్లీ కళ్లు తిరిగి పడితే నేనైతే ఈ దారి పట్టడానికి వెనకాడను.

అక్కతోనే ముందు మాట్లాడటం మూడోది, నా మొగ్గు అటే. అయితే సమాచారంతో మొదలుపెట్టకండి. సూదులు, స్కానింగులు, తేదీలు అన్నీ ఇతరులు నిర్ణయిస్తుంటే, ఆ మూడు రోజుల ఉపవాసం ఒక్కటే తన చేతిలో ఉన్నట్టు ఆమెకు అనిపించి ఉంటుంది. దాన్ని లాగేసి బదులుగా ఏమీ ఇవ్వకపోతే ఆమె ఈసారి మీకు కూడా చెప్పకుండా చేస్తుంది. వైద్యుడిని కలిసేటప్పుడు తన ప్రశ్నలు తానే రాసుకుని తీసుకువెళ్లమనండి: రెండుసార్లు 72 గంటలు ఆహారం మానాను, 6 కిలోలు తగ్గాను, ఒకసారి కూలబడ్డాను, నా మోతాదు మార్చాలా? లవణాలు, మూత్రపిండాల పరీక్షలు మళ్లీ చేయాలా? పోషకాహార నిపుణుడి దగ్గరకు పంపుతారా? పర్యవేక్షణలో జరిగే ఆహార నియమ ప్రయోగాలలో చేరే అవకాశం నాకుందా? చివరి ప్రశ్నకు, ఇప్పటి బరువును చూసి, లేదనే జవాబు రావచ్చు. అయినా ఆ జవాబు ఆమె చెవిన నేరుగా పడటం, మీరో తమ్ముడో చెప్పడం కంటే మేలు. వైద్యుడు ఈసారీ రెండు నిమిషాల్లో ముగించవచ్చు. అందుకే కాగితం మీద రాసి ఇమ్మంటున్నాను, రాసిన దానికి జవాబు చెప్పక తప్పదు.

అన్నీ విన్నాక కూడా అక్క ఉపవాసాన్నే కోరుకుంటే? నిర్ణయం ఆమెదే. అప్పుడు మీరు అడగగలిగింది ఒక హద్దు: రాత్రి భోజనానికీ ఉదయం ఆహారానికీ మధ్య మామూలుగా ఉండే విరామంతో సరిపెట్టుకోవడం, దాన్నైనా వైద్యుడికి చెప్పి చేయడం. ఆ కొద్ది గంటలలో కూడా ఇన్సులిన్ తగ్గుతుందని ఆమెకు చెప్పవచ్చు. నడవగలిగిన రోజున కాస్త నడవడం మరో మార్గం. వ్యాయామంతో కండరంలో ఆటోఫాగీ పెరుగుతుందని 2012లో ఎలుకలలో తేలింది. మీ అక్క విషయంలో నడక విలువ అది కండరాన్ని నిలపడంలోనే ఎక్కువగా ఉంది. ఒక హెచ్చరిక: చాలా రోజులు పస్తుండి ఒక్కసారిగా ఎక్కువ తింటే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం ప్రమాదకరంగా పడిపోవచ్చు. బాగా చిక్కినవారిలో ఈ భయం ఎక్కువ కనుక ఇప్పుడు ఆహారం పెంచడం కూడా వైద్యుడిని అడిగే చేయాలి.

తమ్ముణ్ని అందరి ముందూ నిలదీయకండి. అతను అక్కను పోగొట్టుకోకూడదన్న భయంతో చేతికి దొరికినదాన్ని పట్టుకున్నాడు. ఓడించాలని చూస్తే నోబెల్ పేరును ఇంకా గట్టిగా పట్టుకుంటాడు. ఓసుమి ఏం చూశారో నేను పైన రాసింది అతనికి చదివి వినిపించండి, ఆ తర్వాత వచ్చే 11 రోజులు అక్క బరువు, తిన్న ప్రోటీన్ రాసిపెట్టే పనిని అతనికి అప్పగించండి.

ఆ ప్రసంగాన్ని పంపింది మీరేనన్న సంగతిని నాకు చెప్పినట్టే అక్కకూ చెప్పండి. మీరు పంపినది తప్పుడు సమాచారం కాకపోవచ్చు, అది మీ అక్క స్థితికి వర్తించని సమాచారం. "నేనే పంపాను, అప్పుడు నాకు సగమే తెలుసు, నువ్వు నా నుంచి తీసుకున్న మాటను నాకు తిరిగి ఇచ్చెయ్యి, ఇద్దరం కలిసి వెళ్లి వైద్యుడికి చెబుదాం" అని అడగండి. నాలుగో విడతకు కనీసం వారం ముందు ఆ మాట జరిగితే, రక్తపరీక్షలు చూసి మోతాదు తేల్చుకోవడానికి వైద్యుడికి కూడా వ్యవధి ఉంటుంది.